పోర్టోపియా వరుస హత్యల కేసు: ఆటగాళ్ల స్పందన, అందుబాటు

పోర్టోపియా వరుస హత్యల కేసు (జపనీస్‌లో ‘పోర్టోపియా రెన్జోకు సత్సుజిన్ జికెన్’) యూజీ హోరీ తయారుచేసిన అపరాధ పరిశోధక కంప్యూటర్ ఆట. ఎనిక్స్ సంస్థ దీన్ని 1983లో ఎన్ఈసీ పీసీ-6001 కంప్యూటర్ కోసం విడుదల చేసింది. నెల జూన్ అని ఎక్కువ జాబితాలు చెబుతాయి. కథ, బొమ్మలు, ప్రోగ్రామ్ మూడూ హోరీవే. రాసింది బేసిక్ భాషలో. ఆ తర్వాత అప్పటి జపాన్ ఇళ్లలో ఉన్న ఇతర కంప్యూటర్లకూ, 1985 నవంబరు 29న నింటెండో ఆటల యంత్రం ఫ్యామికామ్‌కూ వచ్చింది. 2023లో ఎనిక్స్ వారసురాలైన స్క్వేర్ ఎనిక్స్ దీన్నే కృత్రిమ మేధ ప్రదర్శనగా మళ్లీ తెచ్చింది. ఈ మూడు రూపాలను ఆటగాళ్లు ఎలా స్వీకరించారు, ఎవరికి ఆడడం సులువైంది, ఎవరికి కాలేదు అన్నదే ఈ వ్యాసంలో ముఖ్యాంశం. హంతకుడి పేరు ఇక్కడ దాచలేదు. జపాన్‌లో అది ఎన్నడో రహస్యం కాకుండా పోయింది.

దీన్ని విజువల్ నావెల్ (బొమ్మలతో చదివే కథా ఆట) అనవచ్చా అన్నది తేలని వాదం. ఆ పేరు వాడుకలోకి వచ్చింది 1996లో లీఫ్ సంస్థ ఆట ‘షిజుకు’ నుంచి. 1983 నాటి ఆటకు ఆ పేరు పెట్టడం తాతకు మనవడి ఇంటిపేరు తగిలించడమే అని కొందరి అభ్యంతరం. జపాన్‌లో దీన్ని అడ్వెంచర్ ఆట అనే అంటారు. అయితే ఫ్యామికామ్ రూపాన్ని తయారుచేసిన చున్‌సాఫ్ట్ సంస్థాపకుడు కోయిచి నకమురా తర్వాత ‘సౌండ్ నావెల్’ పేరుతో 1992లో ‘ఒతొగిరిసో’, 1994లో ‘కమైతాచి నో యోరు’ తీసుకొచ్చాడు. ఆ వరుస చూస్తే ఈ ఆటను విజువల్ నావెల్ వంశంలో మూలపురుషుడిగా చెప్పడమే సబబు అనిపిస్తుంది.

నేపథ్యం, కథ

హోరీ హ్యోగో ప్రాంతంలోని అవాజి దీవిలో సుమోతో పట్టణంలో పుట్టాడు. పత్రికలకు రాస్తూ బతికే రోజుల్లో ఎనిక్స్ పెట్టిన మొదటి ప్రోగ్రామింగ్ పోటీకి ఒక టెన్నిస్ ఆట పంపి బహుమతి గెలుచుకున్నాడు. నకమురా కూడా ఆ పోటీలోనే వెలుగులోకి వచ్చాడు. అమెరికాలో మాటలు టైపు చేసి ఆడే సాహస ఆటలు ఉన్నాయని చదివి, జపాన్‌లో అలాంటివి లేవని గమనించి దీనికి పూనుకున్నట్లు హోరీ చెప్పుకున్నాడు.

కథాస్థలం కోబే. 1981లో ఆ ఓడరేవులో సముద్రాన్ని పూడ్చి కట్టిన దీవి మీద జరిగిన ‘పోర్టోపియా’ ప్రదర్శన నుంచి పేరు వచ్చింది. అప్పుల వ్యాపారి యమకావా కోజో లోపలినుంచి గడియపెట్టిన గదిలో చనిపోయి కనిపిస్తాడు. ఆటగాడు పేరులేని, ముఖం కనిపించని పోలీసు అధికారి. అతను స్వయంగా ఏదీ చేయడు. అన్నీ తన సహాయకుడు మనో యసుహికోతో, అంటే యసుతో, చేయిస్తాడు. యసు అతన్ని ‘బాస్’ అని పిలుస్తూ చెప్పింది చేస్తుంటాడు. దర్యాప్తు షింకైచి వీధుల నుంచి క్యోటో దాకా, హోరీ సొంతూరు సుమోతో దాకా తిరుగుతుంది. దారిలో మరికొన్ని చావులు పడతాయి. చివరికి హంతకుడు యసునే.

ఈ మలుపు ఎంత బలంగా తగిలిందంటే, ‘హంతకుడు యసు’ అనే మాట జపనీస్ వాడుకలో ఒక హాస్యోక్తి అయి కూర్చుంది. ఆట ముఖమే చూడనివాళ్లకూ అది తెలుసు. దీన్ని రేడియోలో హాస్యనటుడు బీట్ తకేషి బయటపెట్టేశాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. అయితే ఆ ఒక్కదాని వల్లే గుట్టు రట్టయిందని అనుకోనక్కరలేదు. 7 లక్షలకు పైగా కాపీలు అమ్ముడైనట్లు చెప్పే ఫ్యామికామ్ ఆట ముగింపు బడిపిల్లల నోట ఎన్నాళ్లు ఆగుతుంది?

మాట వెతుక్కునే ఆట

1983 రూపంలో ఆదేశాలను కానా అనే జపనీస్ అక్షరాల్లో టైపు చేయాలి. ప్రోగ్రామ్‌లో ముందే పెట్టిన మాట పడితేనే పని జరుగుతుంది. అదే అర్థమిచ్చే మరోమాట రాస్తే కంప్యూటర్‌కు అర్థం కాదు. తెలుగులో ఊహించుకుంటే ఈ బాధ వెంటనే బోధపడుతుంది. తలుపు ముందు నిలబడి ‘తలుపు తెరువు’ అన్నాం. లాభం లేదు. ‘తలుపు తీయి’, ‘తీయవయ్యా’, ‘గడియ తియ్యి’, ‘లోపలికి పద’ అన్నీ అయ్యాయి. తలుపు కదలదు. రచయిత మనసులో ఉన్నది ‘తట్టు’. ఇక్కడ చిక్కుముడి హత్యది కాదు, నిఘంటువుది. ఆనాటి ఈ తరహా ఆటలన్నింటి మీదా ఉన్న ఫిర్యాదు ఇదే. హోరీ ఆట ఇందులో మిగతావాటికన్నా ఘోరమేమీ కాదు. పైగా దీనికి ఒక మెరుగు ఉంది. ఎక్కడికైనా ఎప్పుడైనా వెళ్లవచ్చు, ఎవరినైనా పిలిపించవచ్చు, తప్పు మనిషిని పట్టుకుంటే తిరిగి వచ్చి మళ్లీ ఆలోచించవచ్చు. కథ ఒకే తాడు మీద నడవదు. ఆటల రూపకర్త హిడియో కోజిమా తన మీద పడ్డ ప్రభావాల్లో ఈ ఆటను లెక్కించడానికి ఆ కథా స్వేచ్ఛే కారణం కావచ్చు. జెల్డా ఆటల నిర్మాత ఐజి అఒనుమా మొదట ఆడిన ఆటల్లోనూ ఇది ఒకటి.

కీబోర్డు అడ్డంకికి విరుగుడు వెంటనే దొరికింది. 1984లో వచ్చిన హోరీ తర్వాతి కథ ‘హొక్కైదో వరుస హత్యలు: ఒఖోత్స్క్‌లో అదృశ్యం’ ఆదేశాలను తెర మీద జాబితాగా చూపి ఎంచుకోమంది. ఫ్యామికామ్‌తో ఎలాగూ కీబోర్డు జతగా రాదు. అందుకే 1985లో పోర్టోపియాకూ అదే పద్ధతి తెచ్చారు. చోటు మారు, మనిషిని అడుగు, మనిషిని పిలువు, వస్తువు చూపు, కొట్టు, ఫోన్ చెయ్యి, అరెస్టు చెయ్యి వంటి 14 ఆదేశాలు తెర పక్కన నిలిచి ఉంటాయి. పాఠమంతా కానాలోనే, మాటకు మాటకు మధ్య ఖాళీ విడిచి వస్తుంది. కంజి అనే కష్టమైన అక్షరాలు ఇంకా పూర్తిగా రాని పిల్లలకు ఇది వరం. కంజికి అలవాటుపడ్డ పెద్దల కళ్లకు కొంచెం శ్రమ. యంత్రం పరిమితి వల్ల వచ్చిన ఈ మార్పు పాఠకుల వయసు హద్దును కిందికి దించింది.

మార్పుకు మరో ఫలితం కూడా ఉంది. జాబితాలో ఆదేశం కనబడితే ఊహ అక్కర్లేదు, అన్నీ ఒకటొకటిగా నొక్కుకుంటూ పోతే చాలు అని విమర్శ. ఇది పూర్తిగా నిజం కాదు. భూతద్దం ఆదేశం ఇచ్చాక గుర్తును బొమ్మ మీద తిప్పుతూ సరైన చుక్క మీద నిలపాలి. ఒక అంగుళం అటూ ఇటూ అయితే అక్కడ ఆధారమున్నా లేనట్టే. ఫ్యామికామ్‌లో కొత్తగా చేర్చిన నేలమాళిగ చిక్కుదారి అయితే చాలామందిని విసిగించింది. భవనం కింద ఒకేలా ఉండే గోడల మధ్య తిరగాలి. పటం లేదు. గళ్లకాగితం మీద గీసుకున్నవాళ్లే బయటపడ్డారు. గోడ మీద ఒకచోట ‘విజార్డ్రీ’ ఆటను తలపించే రాక్షసుడి హెచ్చరిక రాసి ఉంటుంది. ఆ ఆట ఆడినవాళ్లకు మాత్రమే నవ్వు వస్తుంది. దర్యాప్తు కథకు ఈ చిక్కుదారి ఎందుకో అన్న ప్రశ్నకు మంచి సమాధానం ఇంతవరకు కనబడలేదు.

ముగింపు ఘట్టం ఒక్కటి దగ్గరగా చూడదగ్గది. అసలు సాక్ష్యం ఒంటి మీది సీతాకోకచిలుక ఆకారపు మచ్చ. ‘ఏదైనా తీయి’ అనే ఆదేశం నొక్కి, అందులో ‘బట్టలు’ ఎంచాలి. ఇంతవరకూ ఆ ఆదేశం గదుల్లోని సామాన్లకు సంబంధించినదే. దాన్ని పక్కనే నిలబడి ప్రతి పనీ చేసిపెట్టిన నమ్మకస్తుడి మీదికి తిప్పాలన్న ఆలోచన ఆటగాడికి తట్టాలి. అందుకే ఇది జాబితా నొక్కడంతో తేలే చిక్కు కాదు. ఆదేశం తెర మీద మొదటి నుంచీ కనబడుతూనే ఉంటుంది. దాన్ని ఎవరి మీద వాడాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఫ్యామికామ్ ఆటగాళ్లు ఈ ఆటను మరిచిపోకపోవడానికి కారణం ఇదే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. హంతకుడి పేరు విని ముచ్చటపడ్డవాళ్లకన్నా తామే ఆ మచ్చను బయటపెట్టామన్న గర్వం ఉన్నవాళ్లే ఎక్కువగా తలుచుకుంటారు.

భాష అడ్డంకి

ఇంగ్లీషు చదివేవాళ్లకు ఇరవై ఏళ్లకు పైగా ఆట అందలేదు. 2006లో అభిమానులు ఫ్యామికామ్ రూపాన్ని ఇంగ్లీషులోకి మార్చాక కొంత అందుబాటు కలిగింది. అధికారిక ఇంగ్లీషు రూపం మాత్రం 2023లోనే వచ్చింది. దాంతో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. జపాన్‌లో మూడు తరాలకు తెలిసిన హంతకుడి పేరు బయటి పాఠకులకు మొదటిసారి కొత్తగా తగలాల్సింది. కానీ వాళ్లలో చాలామంది అంతదాకా వెళ్లనేలేదు.

2023 రూపం

‘స్క్వేర్ ఎనిక్స్ ఏఐ టెక్ ప్రివ్యూ’ పేరుతో ఇది స్టీమ్ అనే ఆటల వేదికలో ఉచితంగా విడుదలైంది. తేదీ ఏప్రిల్ 23 అని కొందరు, 24 అని కొందరు రాస్తారు. ఏ దేశపు గడియారం చూశారన్నదే తేడా. సహజ భాషా అవగాహన అనే సాంకేతికతను చూపడం దీని ఉద్దేశం. ఆటగాడు తోచిన వాక్యం టైపు చేస్తాడు, యంత్రం దాని భావం పట్టుకుని యసుతో పని చేయిస్తుంది అని చెప్పారు. కొత్త జవాబులు తయారుచేసే భాగాన్ని మాత్రం విడుదలకు ముందే తీసేశారు. అది అనుచితమైన మాటలు అనే ప్రమాదం ఉందన్నది సంస్థ ఇచ్చిన కారణం. అంటే యసు వినడం కొత్త పద్ధతిలో, పలకడం పాత పద్ధతిలో జరిగింది.

స్పందన చేదుగా ఉంది. స్టీమ్ సమీక్షలు ‘వెరీ నెగటివ్’ కోవకు పడిపోయాయి. ఆ వేదికపై స్క్వేర్ ఎనిక్స్ పేరున వచ్చినవాటిలో అతి తక్కువ మార్కులు తెచ్చుకున్న జాబితాలో ఇది చేరింది. ఆడినవాళ్లు చెప్పే అనుభవం దాదాపు ఒకటే. ఒక ప్రశ్న అడిగితే యసు ‘ఊ…’ అని ఊరుకుంటాడు. మరోలా అడిగితే ముందు చేతిలో పని చూద్దాం అన్నట్టు మాట దాటేస్తాడు. శవం ఉన్న గదిలో నిలబడి శవం గురించి అడిగినా అదే తీరు. సాంకేతికత గొప్పతనం చూపడానికి పెట్టిన ప్రదర్శన చివరికి దాని పరిమితులకు ప్రదర్శన అయింది.

దీనికి రెండు వ్యాఖ్యానాలు ప్రచారంలో ఉన్నాయి. కృత్రిమ మేధ పట్ల అప్పుడే మొదలైన వ్యతిరేకత సమీక్షల్లో పొంగిందని ఒకటి. జవాబులు తయారుచేసే భాగాన్ని తీసేయడంతో ఆట నడుం విరిగిందని మరొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. అయితే ఫిర్యాదుల సారం చూస్తే ఈ వ్యాసకర్తకు కనిపించేది 1983 నాటి పాత గోడే: సరైన మాట వెతుక్కునే బాధ. అప్పుడు ఆ మాట రచయిత మనసులో ఉందని తెలుసు, రెండు మూడు ప్రయత్నాల్లో అతని బాణీ పట్టుబడుతుంది. ఇప్పుడు ఏ మాట ఎందుకు పని చేసిందో, ఎందుకు చేయలేదో తెలియదు. 1985 జాబితాలో ఏం చేయవచ్చో కనిపించేది. 2023లో ఖాళీ గడి ఏమైనా చేయవచ్చంది, చాలావాటికి జవాబు ఇవ్వలేదు.

అందుబాటు కోణంలో ఒక విషయాన్ని వేరుగా చెప్పాలి. ఈ రూపంలో మాట్లాడి ఆదేశం ఇచ్చే సౌకర్యం కూడా పెట్టారు. చేతులతో టైపు చేయలేనివాళ్లకు ఇది నిజమైన మేలు కావాల్సింది. కానీ దానికి బలమైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ కావాలి. మాటను అక్షరాలుగా మార్చాక కూడా అది అదే అవగాహన గడప దాటాలి. కదలలేని చేతి సమస్య తీరితే అర్థంకాని చెవి సమస్య మిగిలింది.

కంటిచూపు లేనివాళ్లకు జాబితా పద్ధతే ఎక్కువ అనుకూలం. ఆదేశాల సంఖ్య పరిమితం కాబట్టి వాటిని చదివి వినిపించడం తేలిక. విజువల్ నావెల్స్ తయారీకి ఎక్కువగా వాడే రెన్‌పై అనే ఉచిత సాధనంలో ఇప్పుడు చదివి వినిపించే సౌకర్యం ముందే ఉంటుంది. కీబోర్డు మీద వీ నొక్కితే అది మొదలవుతుంది. చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు వేరే అక్షరశైలి ఎంచుకునే మెనూ కూడా ఉంది. ఫ్యామికామ్ పోర్టోపియాలో అక్షరాలు బొమ్మల చుక్కలే కాబట్టి వాటిని చదివే ఉపాయం ఆటలో లేదు. భూతద్దం ఘట్టాలూ, పటం లేని చిక్కుదారీ చూపు లేకుండా దాటడం దాదాపు అసాధ్యం. కథను ఎవరైనా చదివి వినిపించినా, దారి కంటికి మాత్రమే ఉంది.

పాత జాబితా పద్ధతి మాత్రం పోలేదు. ‘ఒఖోత్స్క్‌లో అదృశ్యం’ 2024 సెప్టెంబరులో నింటెండో స్విచ్ కోసం కొత్త బొమ్మలతో మళ్లీ వచ్చినప్పుడు ఆదేశాలు తెర మీద జాబితాగానే ఉన్నాయి.