కార్డు ముక్క నుంచి హిస్టరీ దాకా

మొన్న కరెంటు బిల్లు కట్టడానికి మా వారి ల్యాప్‌టాప్ తెరిచాను. రెండక్షరాలు కొట్టేసరికి ఆయన అంతకుముందు వెతికినవి వరుసగా కిందికి దిగాయి. పీఎఫ్ డబ్బు ముందే తీసుకోవచ్చా? ఉద్యోగం పోతే ఇంటి లోను ఏమవుతుంది? అక్కడితో మూసేసి ఆయన్నే అడిగి ఉంటే సరిపోయేది. నేను హిస్టరీ తెరిచి నెల రోజులవీ చదివాను.

నాలుగు రోజులు ఏమీ ఎరగనట్టు కూర, పప్పు వండిపెట్టాను. ఆ నాలుగు రోజులూ పాత సంగతులే గుర్తొచ్చాయి.

మన దేశంలో పోస్టు కార్డు 1879లో వచ్చింది. ధర పావు అణా. చవకే కానీ గుట్టు లేదు, దారిలో ఎవరైనా చదవొచ్చు. మా అమ్మమ్మకు చదువు రాదు. తాతయ్య కార్డు రాస్తే పక్కింటి మాస్టారు అరుగు మీద కూర్చుని పైకి చదివేవారు. అమ్మమ్మ తలుపు చాటున నిలబడి వినేది. అందుకే తాతయ్య కార్డులు "ఉభయకుశలోపరి" దాటి పెద్దగా ముందుకు పోయేవి కావట.

1950లో ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. మడిచి అంటిస్తే లోపలి మాట లోపలే. మా అమ్మానాన్నల కొత్త కాపురపు ఉత్తరాలన్నీ ఆ నీలం కాగితాల మీదే. ఒకసారి మా నాయనమ్మ జిగురు తడిపి విప్పి, చదివి, మళ్లీ అంటించిందట. ఆ ఉత్తరంలో ఏముందో అమ్మ ఎప్పుడో మర్చిపోయింది. విప్పిన సంగతి మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

1995 ఆగస్టు 15న మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. ఇక్కడో తిరకాసు ఉంది. ఉత్తరం ఇంకొకరికి చెప్పాలనుకున్న మాట. బ్రౌజర్‌లో వెతికేది ఇంకా ఎవరికీ చెప్పని మాట. మన భయం, జబ్బు, అప్పు అన్నీ అందులోకే పోతాయి. ఆ జాబితా దాచని పద్ధతి ఆపిల్ వాళ్ల సఫారీలో 2005లో, గూగుల్ క్రోమ్‌లో 2008లో వచ్చింది. ఇంట్లోవాళ్లకు తెలియకుండా పుట్టినరోజు కానుక కొనడానికి పనికొస్తుందని గూగుల్ చెప్పింది. నిజానికి అది మన కంప్యూటర్‌లో జాడ మిగల్చదు, అంతే. వెళ్లిన సైటుకూ, ఆఫీసు నెట్ అయితే ఆఫీసుకూ తెలిసే వీలుంది. అంటే అది ముఖ్యంగా ఇంట్లోవాళ్లకు అడ్డుగా వేసిన తెర!

మరి చట్టం ఏమంది? భార్య ఫోన్ మాటలను ఆమెకు తెలియకుండా భర్త రికార్డు చేసిన కేసులో, అది ఆమె గోప్యతకు భంగమేనని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. అయితే 2025 జులైలో అదే సుప్రీంకోర్టు, విడాకుల కేసులో రహస్యంగా చేసిన రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడిందనడానికి అదే గుర్తు అని కూడా అంది. ఆ మాట చదివి నేను కాసేపు కదల్లేదు.

అయిదో రోజు రాత్రి అన్నాలయ్యాక ఆయనకు చెప్పేశాను, "మీ హిస్టరీ చూశాను" అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తున్నారట, ఖరారయ్యాక చెబుదామనుకున్నారట.

"నాతో ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెప్పాల్సిందే, తప్పు నాదే. కానీ నువ్వు మొదటి రోజే అడగొచ్చుగా?"

నా దగ్గర జవాబు లేదు. నాయనమ్మ తడిపిన జిగురు గుర్తొచ్చింది.

ఆయన ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. లోను కాగితాలు, నా పేర ఉన్న బంగారం లెక్క, పాప కాలేజీ ఫీజు అన్నీ ముందేసుకుని కూర్చున్నాం. పాస్‌వర్డులు మార్చుకోలేదు. డబ్బు సంగతి దాచకూడదని, అనుమానం వస్తే మనిషినే అడగాలని, ఒకరి ఫోను ఇంకొకరు తవ్వకూడదని మాత్రం అనుకున్నాం. నిన్న మళ్లీ బిల్లు కట్టాలంటే ఆయనే ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, టీ కలపడానికి వంటింట్లోకి వెళ్లారు. నేను బిల్లు కట్టి మూసేశాను.