టోక్యో అగ్నిదాడి (1945): నగరాలపై బాంబుదాడులు, బాధ్యత

ఉపోద్ఘాతం

నగరాలపై బాంబుదాడి అనగానే హిరోషిమా, నాగసాకిలే ముందుగా స్ఫురిస్తాయి. అయితే వాటికి ఐదు నెలల ముందే, 1945 మార్చి 9-10 తేదీల మధ్య రాత్రి, అణ్వస్త్ర ప్రమేయం లేకుండానే టోక్యోలో సుమారు లక్షమంది మరణించారు. పౌరుడికీ సైనికుడికీ మధ్య ఉండవలసిన ఎల్ల ఏ విధంగా చెరిగిపోయిందో ఈ దాడి తేటతెల్లం చేస్తుంది.

నియమాలు - ఆచరణ

రక్షణ లేని పట్టణాలపై దాడిని 1907 నాటి హేగ్ ఒడంబడిక నిషేధించింది. పౌరులను భయభ్రాంతులను చేసే బాంబుదాడులను నిషేధిస్తూ 1923లో రూపొందిన వైమానిక యుద్ధ నియమావళి మాత్రం ఒప్పందంగా అమలులోకి రాలేదు. 1937లో గెర్నికా ధ్వంసమైంది. 1938 నుంచి జపాన్ చైనాలోని చోంగ్‌చింగ్‌పై ఏళ్ల తరబడి దాడులు సాగించింది. 1942 ఏప్రిల్ 6న ఆ దేశపు విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై కూడా బాంబులు వేశాయి. పౌరులపై బాంబులు వేయరాదని 1939 సెప్టెంబరు 1న యుద్ధరాజ్యాలకు విజ్ఞప్తి చేసినవాడు అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్. టోక్యో దహనం ఆయన పదవిలో ఉండగానే జరిగింది.

దాడి స్వరూపం

ఎంతో ఎత్తు నుంచి కర్మాగారాలపై గురిచూసి వేసిన బాంబులు బలమైన గాలుల వల్ల, మేఘాల వల్ల ఆశించిన ఫలితం ఇవ్వలేదు. దానితో జనరల్ కర్టిస్ లెమే పద్ధతి మార్చాడు. దాదాపు 280 బి-29 విమానాలు రాత్రివేళ తక్కువ ఎత్తులో ఎగురుతూ 1,600 టన్నులకు పైగా దాహక బాంబులను జారవిడిచాయి. కొయ్య ఇళ్లు కిక్కిరిసిన సుమిదా నదీ పరిసరాలు పెనుగాలికి అంటుకున్నాయి. సుమారు 41 చదరపు కిలోమీటర్ల ప్రాంతం కాలిపోయింది. పది లక్షల మంది నిరాశ్రయులయ్యారు.

ఇళ్లలోని చిన్న కార్ఖానాలు ఆయుధ భాగాలను తయారు చేస్తున్నాయన్నది అమెరికా సమర్థన. మరోవైపు 1941లో సవరించిన జపాన్ వైమానిక రక్షణ చట్టం, నగరవాసులు పారిపోకుండా మంటలార్పాలని నిర్దేశించింది. ఈ విధంగా దాడి చేసినవారూ, రక్షించవలసినవారూ కూడా పౌరుణ్ణి యుద్ధంలో భాగంగానే పరిగణించారు.

బాధ్యత

విజేతలు సైతం అదే పని చేసినందున న్యూరెంబర్గ్, టోక్యో న్యాయస్థానాలలో నగర బాంబుదాడులు ప్రధాన అభియోగం కాలేదు. 1964లో జపాన్ ప్రభుత్వమే లెమేకు పురస్కారం ప్రదానం చేసింది. మాజీ సైనికులకు పింఛన్లు లభించగా, దాడిలో నష్టపోయిన పౌరులకు అటువంటి పరిహారం దక్కలేదు. బాధితులు 2007లో వేసిన దావాను టోక్యో జిల్లా న్యాయస్థానం 2009లో కొట్టివేసింది.

ముగింపు

ఒక నగరాన్ని మొత్తంగా ఒకే లక్ష్యంగా భావించి చేసే దాడిని 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ స్పష్టంగా నిషేధించింది. టోక్యో కాలిపోయిన 32 ఏళ్లకు ఈ నియమం అక్షరరూపం దాల్చింది. అయితే అమెరికా, భారత్ వంటి దేశాలు దానిని ఇంకా ధ్రువీకరించలేదు. చట్టం లేనప్పుడు నగరాలు కాలిపోయాయి. చట్టం వచ్చిన తరువాత దానికి కట్టుబడడం రాజ్యాల ఇష్టానికే మిగిలింది. టోక్యో చరిత్ర ఎత్తిచూపే లోపం ఇదే.