ప్రయాణ సౌఖ్యానికి సాంకేతిక చరిత్ర: రేంజ్ రోవర్ సస్పెన్షన్ పరిణామం (1970–2021)

వ్యాస సంగ్రహం:
విలాసవంతమైన ఎస్‌యూవీలలో ప్రయాణ సౌఖ్యం ఎలక్ట్రానిక్ నియంత్రణ వల్ల సిద్ధించిందని సాధారణంగా భావిస్తారు. బ్రిటన్‌లో 1970లో విడుదలైన రేంజ్ రోవర్ ఐదు తరాల నిర్మాణాన్ని వరుసగా పరిశీలిస్తే ఆ భావన సగమే నిజమని తెలుస్తుంది. సౌఖ్యానికి మూలం చక్రపు కదలికకు లభించిన స్వేచ్ఛ. వేగం, బరువు, నిలకడ అనే కొత్త కోరికలతో ఆ స్వేచ్ఛను సమన్వయపరచడానికి వచ్చిన సాధనం ఎలక్ట్రానిక్ నియంత్రణ. ఈ ప్రతిపాదనను నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: అడాప్టివ్ సస్పెన్షన్, ప్రయాణ సౌఖ్యం, రేంజ్ రోవర్, గాలి స్ప్రింగు, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

గూడుబండి ప్రయాణానికి ముందు బండిలో గడ్డి పరిచి, దానిపై జంపఖానా వేయడం తెలుగు పల్లెలకు తెలిసిన ఏర్పాటే. ఇరుసుకు తగిలిన దెబ్బ నేరుగా ఒంటికి చేరకుండా మధ్యలో మెత్తని పొరను ఉంచడమే అందులోని సూత్రం. మోటారు వాహనంలో ఆ పనిని స్ప్రింగు, డ్యాంపర్ కలిసి నిర్వహిస్తాయి. స్ప్రింగు తాకిడిని ఇముడ్చుకుంటుంది. ఇముడ్చుకున్న శక్తితో అది ఊగుతూనే ఉండకుండా, ఆ శక్తిని వేడిగా మార్చి ఊపును అణచేది డ్యాంపర్. దీనినే వాడుకలో షాక్ అబ్జార్బర్ అంటున్నాం. రహదారిని, వేగాన్ని, బరువును బట్టి వీటి స్వభావాన్ని ప్రయాణంలోనే మార్చే ఏర్పాటు అడాప్టివ్ సస్పెన్షన్.

ఈ ఏర్పాటు చరిత్రను కొత్త పరికరాల జాబితాగా రాయడం సులభం. అయితే ప్రతి పరికరం ఏ కోరికకు సమాధానంగా వచ్చిందో, ఆ కోరిక ఎక్కడ పుట్టిందో అటువంటి జాబితా చెప్పదు. ఒకే వాహనాన్ని అర్ధ శతాబ్దం పాటు అనుసరిస్తే ఆ సంబంధం స్పష్టమవుతుంది.

2. 1970: ఎలక్ట్రానిక్స్ లేని సౌఖ్యం

రోవర్ సంస్థ 1948లో తెచ్చిన ల్యాండ్ రోవర్ ప్రధానంగా పొలం పనులకు ఉద్దేశించిన వాహనం. దాని బరువును మోసినవి లీఫ్ స్ప్రింగులు, అంటే మన లారీలలో కనిపించే కమాను పట్టీలు. ఒకదానిపై ఒకటి పేర్చిన పట్టీల మధ్య రాపిడి ఎక్కువ. చిన్న గతుకు ఆ రాపిడిని అధిగమించలేదు కాబట్టి పట్టీలు కదలవు. కుదుపు చాలావరకు పైకి చేరుతుంది.

చార్లెస్ స్పెన్సర్ కింగ్, గోర్డన్ బ్యాష్‌ఫర్డ్ ప్రధానంగా రూపొందించిన రేంజ్ రోవర్‌లో ముందు, వెనుక దృఢమైన ఇరుసులే కొనసాగాయి. అయితే కమాను పట్టీలకు బదులు నాలుగు చక్రాల వద్దా పొడవుగా కదలగల కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఇరుసును స్థానంలో నిలిపే బాధ్యతను వేరే కడ్డీలకు అప్పగించడంతో స్ప్రింగుకు బరువు మోయడం ఒక్కటే పనిగా మిగిలింది. వెనుక ఇరుసుపై బోగె సంస్థ తయారుచేసిన హైడ్రోమాట్ అనే పరికరాన్ని అమర్చారు. సామాను బరువుకు వెనుక భాగం కుంగితే, ప్రయాణంలో కలిగే కదలికనే పంపుగా వాడుకొని అది వాహనాన్ని మళ్లీ తగిన ఎత్తుకు తెస్తుంది. పరిస్థితిని బట్టి సర్దుకోవడం అనే లక్షణం కంప్యూటర్ రాకముందే ఈ వాహనంలో ఉందన్నది ఇక్కడ గమనించవలసిన అంశం.

ఈ పొడవైన కదలికకు తొలి ప్రయోజనం విలాసం కాదు. ఎగుడుదిగుడు నేలపై నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉండాలన్నదే లక్ష్యం. వాహనం లోపలి భాగం నీళ్లతో కడుక్కోవడానికి వీలైన వినైల్, రబ్బరులతో ఉండేది. సౌఖ్యం ఈ నిర్మాణానికి ఫలితంగా వచ్చింది. దానికి చెల్లించిన మూల్యం మలుపుల్లో బాడీ ఒక పక్కకు బాగా ఒరగడం. ఒరుగుదలను తగ్గించే యాంటీ రోల్ బార్లను తొలి నమూనాలో అమర్చలేదు. ఎడమ, కుడి చక్రాలను కలిపే ఆ కడ్డీ ఒక చక్రం కదలికను రెండవ చక్రానికి చేరవేసి, వాటి స్వేచ్ఛను తగ్గిస్తుంది.

3. సౌఖ్యాన్ని కొలిచిన దశ

1974వ సంవత్సరం ఈ చరిత్రలో రెండు విధాలుగా ముఖ్యమైనది. మానవ శరీరంపై కంపనాల ప్రభావాన్ని అంచనా వేసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631 ఆ ఏడాది వెలువడింది. కూర్చున్న మనిషి నిలువు కంపనాలలో 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య ఉన్నవాటిని అధికంగా బాధగా అనుభవిస్తాడని అది గుర్తించింది. సౌఖ్యంతో పాటు, అలసట వల్ల పనిలో సామర్థ్యం తగ్గే హద్దునూ అది నిర్దేశించింది. అంటే సౌఖ్యం అప్పుడు శ్రమకు సంబంధించిన ప్రశ్న కూడా. 1997 నాటి సవరణలో సామర్థ్యపు హద్దును తొలగించారు.

అదే సంవత్సరం అమెరికాలో డీన్ కార్నోప్, క్రాస్బీ, హార్‌వుడ్‌లు స్కైహుక్ భావనను ప్రతిపాదించిన పరిశోధన పత్రాన్ని ప్రచురించారు. వాహనపు బాడీ సాధారణంగా సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల లయతో ఊగుతుంది. చక్రం 10 నుంచి 15 సార్ల లయతో ఎగురుతుంది. డ్యాంపర్‌ను గట్టిగా అమరిస్తే బాడీ ఊపు తగ్గుతుంది గాని చిన్న గతుకుల అదురు పైకి వస్తుంది. మెత్తగా అమరిస్తే అదురు తగ్గుతుంది గాని ఊపు మిగులుతుంది. బాడీని ఆకాశంలోని ఒక స్థిరబిందువుకు డ్యాంపర్‌తో కట్టగలిగితే ఈ వైరుధ్యం తొలగుతుంది. డ్యాంపర్ బలాన్ని క్షణక్షణం మారుస్తూ ఆ ఊహాఫలితానికి చేరువ కావచ్చునని వారు చూపారు. ఇటువంటి డ్యాంపర్ శక్తిని హరించగలదే గాని సొంతంగా చక్రాన్ని నెట్టలేదు. ఈ పరిమితి ముఖ్యమైనది. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల డ్యాంపర్లు 1983లో టొయోటా సోరర్ కారులో ఉత్పత్తి దశకు చేరాయి.

4. విలాసం తెచ్చిన కొత్త కోరికలు

ఈలోగా రేంజ్ రోవర్ స్వభావం మారింది. 1981లో నాలుగు తలుపులు, 1982లో ఆటోమేటిక్ గేరు పెట్టె, 1987లో అమెరికా విపణి దానిని పొలం నుంచి నగరానికి తరలించాయి. వేగంగా వెళ్లే రహదారిపై ఒరుగుదల లోపంగా కనిపించసాగింది. 1990లో కింగ్ పేరిట వెలువడిన సీఎస్‌కే ప్రత్యేక నమూనాకు యాంటీ రోల్ బార్లు అమర్చారు. తొలి నమూనాలో లేని పరికరం రూపకర్త పేరు మోసిన వాహనంలోకి రావడం దృక్పథం మారిందనడానికి సాక్ష్యం.

1992లో ఎలక్ట్రానిక్ గాలి స్ప్రింగులు వచ్చాయి. ఉక్కు స్ప్రింగుపై బరువు పెరిగితే వాహనం కుంగుతుంది, ఊగే లయ కూడా మారుతుంది. గాలి స్ప్రింగులో పెరిగిన బరువుకు తగినట్లు గాలి పీడనాన్ని పెంచితే ఎత్తు నిలుస్తుంది, లయ కూడా పెద్దగా మారదు. వేగంలో వాహనాన్ని కిందికి దించడం, గతుకుల నేలపై పైకెత్తడం సాధ్యమయ్యాయి. 1994 నాటి రెండవ తరం ఈ పద్ధతినే స్వీకరించింది.

బీఎండబ్ల్యూ యాజమాన్యంలో రూపుదిద్దుకొని, సంస్థ ఫోర్డ్ చేతికి వెళ్లాక 2002లో విక్రయానికి వచ్చిన మూడవ తరంలో దృఢమైన ఇరుసుల స్థానాన్ని ప్రతి చక్రం విడిగా కదిలే నిర్మాణం ఆక్రమించింది. రహదారిపై నిలకడ పెరిగింది. అయితే దృఢమైన ఇరుసుకు ఒక సహజ గుణం ఉంది: ఒక చక్రం పైకి లేస్తే రెండవది నేలవైపు నొక్కుకుంటుంది. పోయిన ఆ గుణాన్ని తిరిగి తేవడానికి ఎడమ, కుడి గాలి స్ప్రింగులను కవాటాల ద్వారా కలిపారు. పాత యంత్రభాగం చేసిన పనిని ఎలక్ట్రానిక్ నియంత్రణ అనుకరించింది.

5. డ్యాంపర్‌కు చేరిన నియంత్రణ

2009లో నిరంతరం మారే డ్యాంపర్లు రేంజ్ రోవర్‌లో ప్రవేశించాయి. టాటా మోటార్స్ సంస్థను కొన్న మరుసటి ఏడాది అది. 2012 నాటి నాలుగవ తరంలో వాహన కదలికలను సెకనుకు 500 సార్లు పరిశీలించే ఏర్పాటు ఉంది. 2021 నాటి ఐదవ తరం నావిగేషన్ సమాచారంతో రాబోయే మలుపుకు ముందే సిద్ధపడుతుంది. 48 వోల్టుల విద్యుత్తుతో ఒరుగుదలను ఎదుర్కొంటుంది. నేరుగా సాగే దారిలో చక్రాలను విడిగా కదలనిచ్చి, మలుపులో మాత్రమే బిగించడం యాంటీ రోల్ బార్ పాత వైరుధ్యానికి ఆలస్యంగా దొరికిన పరిష్కారం.

అదే కాలంలో సమస్య కూడా పెరిగింది. 1970లో సుమారు 1.75 టన్నులున్న వాహనం దాదాపు 2.4 టన్నులకు చేరింది. 16 అంగుళాల చక్రపు రిమ్ము ఐదవ తరంలో 23 అంగుళాల వరకు లభిస్తోంది. రిమ్ము పెరిగినకొద్దీ టైరులో గాలి నిండిన గోడ ఎత్తు తగ్గుతుంది. కుదుపును మొదట స్వీకరించవలసిన పొర పలచబడి, ఆ భారం కూడా సస్పెన్షన్‌పై పడింది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ప్రయాణ సౌఖ్యపు పునాది పొడవైన, రాపిడి తక్కువైన చక్రపు కదలిక. రెండవది, తరువాతి ప్రతి నియంత్రణ పరికరం వేగం, బరువు, ఆకృతి కోరికలు ఆ పునాదిపై మోపిన భారానికి సమాధానం. మూడవది, సౌఖ్యం యంత్రభాగం నుంచి సెన్సారుకు, సాఫ్ట్‌వేరుకు మారినకొద్దీ దాని ఆయుర్దాయం కూడా మారింది. రెండవ తరం వాహనాల యజమానులలో కొందరు పాతబడిన గాలి స్ప్రింగులను తీసివేసి కాయిల్ స్ప్రింగులు బిగించుకున్నారు. అందుకు కావలసిన సామగ్రి విపణిలో దొరుకుతుంది. సాంకేతిక చరిత్రకారులు కొత్త వాహనపు సామర్థ్యాన్ని నమోదు చేసి ఊరుకుంటే ఈ వెనుకంజ కనిపించదు. ఒక సాంకేతికతను అది సాధించిన దానితో పాటు, అది తీర్చవలసి వచ్చిన కోరికలతోనూ, ఇరవై ఏళ్ల తరువాత దానిని ఎవరు బాగుచేయగలరన్న ప్రశ్నతోనూ తూచినప్పుడే దాని చరిత్ర సమగ్రమవుతుంది.