మొబైల్ టిప్స్: కస్టమర్ల నంబర్లు కుర్రాడి ఫోన్‌లో ఉన్నాయా? అతను మానేస్తే షాపు గతేంటి?

సికింద్రాబాద్: ఎండాకాలం వచ్చిందంటే రాణిగంజ్, బోయిన్‌పల్లి, మారేడ్‌పల్లి వైపు ఏసీ సర్వీసు షాపుల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఇలాంటి ఒక షాపునే తీసుకుందాం. ఓనర్ ఒకరు, కౌంటర్‌లో ఒకరు, టెక్నీషియన్లు ముగ్గురు. పొద్దున తార్నాకలో సర్వీసు, మధ్యాహ్నం తిరుమలగిరిలో గ్యాస్ ఫిల్లింగ్, సాయంత్రం అల్వాల్‌లో కొత్త ఏసీ బిగింపు. అడ్రసులేమో ఓనర్ ఫోన్‌లో కొన్ని, కుర్రాళ్ల ఫోన్లలో కొన్ని, కౌంటర్ మీది డైరీలో ఇంకొన్ని. ఒకే ఇంటికి ఇద్దరు వెళ్తారు, ఇంకో ఇంటికి ఎవరూ వెళ్లరు.

ఇది చిన్న నష్టమే. మూడేళ్లు చేసిన టెక్నీషియన్ మానేసి సొంత షాపు పెట్టుకుంటే అతని ఫోన్‌లోని నంబర్లన్నీ అతనితోనే పోతాయి. అతన్ని తప్పుపట్టడానికీ లేదు. "నంబర్ సేవ్ చేసుకో" అని చెప్పింది ఓనరే కదా!

డైరీ ఒక్కటే నమ్ముకోవడమూ కష్టమే. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ప్రాణాల ముందు పుస్తకాలు ఏపాటి? కానీ ఇరుకు కాంప్లెక్సుల్లో నడిచే షాపులకు లెక్కలన్నీ ఒకే గదిలో ఉండటం ఎంత ప్రమాదమో ఇలాంటి ఘటనలు గుర్తుచేస్తాయి.

ఒకే పాస్‌వర్డ్ అందరికీ ఇస్తే?

చాలామంది చేసే పని ఇదే. షాపు పేరుతో ఒక జీమెయిల్ తెరిచి, అందరి ఫోన్లలో అదే లాగిన్ చేసేస్తారు. గూగుల్ కాంటాక్ట్స్‌లో సేవ్ చేసిన నంబర్ ఆ అకౌంట్ ఉన్న ఫోన్లన్నింటికీ వచ్చేస్తుంది. సులువే. కానీ ఒకరు పొరపాటున డిలీట్ చేస్తే అన్నింట్లోనూ పోతుంది. 30 రోజుల్లోపు అయితే ట్రాష్‌లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ జీమెయిల్‌కే బ్యాంకు మెయిల్స్ వస్తుంటే అవీ అందరికీ కనిపిస్తాయి. ఒకరు మానేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ మార్చి మిగతావాళ్లందరికీ మళ్లీ చెప్పాలి.

పాస్‌వర్డ్ ఓనర్ దగ్గరే ఉంచుకుని, ఎవరి సొంత జీమెయిల్‌కి వాళ్లకు కావాల్సినంత మాత్రమే షేర్ చేయడం మంచి పద్ధతి. అందరికీ అన్నీ చూపించాల్సిన అవసరం లేదు.

అసలు లిస్టు గూగుల్ షీట్స్‌లో పెట్టాలి. పేరు, ఫోన్, ఇంటి గుర్తు, ఏసీ కంపెనీ, ఎన్ని టన్నులు, చివరి సర్వీసు తేదీ, బాకీ ఎంత.. ఇవి చాలు. "పగలు ఇంట్లో ఎవరూ ఉండరు", "తాళం పూలకుండీ కింద ఉంటుంది" లాంటివి అందులో రాయనేకూడదు. ఫోన్ దొంగ చేతిలో పడితే అది ఇంటి అడ్రసుతో పాటు ఆహ్వానం కూడా అవుతుంది. ఈ షీట్‌లో మార్పులు చేసే హక్కు ఓనర్‌కీ, కౌంటర్‌లో కూర్చునే ఒకరికీ ఉంటే సరిపోతుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది, పాత కాపీకి వెనక్కి వెళ్లొచ్చు కూడా.

కుర్రాళ్లకు క్యాలెండర్ చాలు

గూగుల్ క్యాలెండర్‌లో ఒక్కో టెక్నీషియన్‌కి ఒక్కో క్యాలెండర్ తయారు చేయాలి. కంప్యూటర్ బ్రౌజర్‌లో చేస్తే ఈ పని సులువు. ఆ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో అతని జీమెయిల్ చేర్చి, వివరాలు చూసే హక్కు ఇవ్వాలి. "పని అయింది, ఇంత తీసుకున్నాను" అని అతనే రాయాలంటే మార్పులు చేసే హక్కు ఇవ్వాలి. అతనికి ఒక మెయిల్ వస్తుంది. అందులోని లింక్ నొక్కితేనే క్యాలెండర్ అతని ఫోన్‌లో చేరుతుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. లింక్ నొక్కినా ఏమీ కనిపించట్లేదంటే యాప్ సెట్టింగ్స్‌లో ఆ క్యాలెండర్‌కి సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

ఒక్కో పని ఒక్కో ఈవెంట్. లొకేషన్ దగ్గర అడ్రసు పెడితే నొక్కగానే మ్యాప్స్ తెరుచుకుంటుంది. కింద వివరాల్లో పోయినసారి ఏం రిపేరు చేశారో రెండు ముక్కలు. సెల్లార్‌లో సిగ్నల్ లేకపోయినా, ముందే సింక్ అయిన ఈవెంట్లు ఫోన్‌లో కనిపిస్తాయి. ఓనర్ ఫోన్‌లో ముగ్గురి క్యాలెండర్లూ మూడు రంగుల్లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకే టైముకి రెండు పనులు పడితే ఇట్టే తెలిసిపోతుంది.

టెక్నీషియన్ మానేస్తే షేరింగ్ లిస్టులోంచి అతని పేరు తీసేయడమే. చూసిన నంబర్‌ని విడిగా సేవ్ చేసుకోకుండా ఎవరూ ఆపలేరు, అది వేరే సంగతి. కానీ మొత్తం లిస్టు అయితే చేతికి పోదు.

మరి వాట్సాప్ సంగతేంటి? కస్టమర్ వచ్చేది అందులోంచే కాబట్టి వదల్లేం. వాట్సాప్ బిజినెస్‌లో ఒకే నంబర్‌ని మెయిన్ ఫోన్‌తో పాటు నాలుగు డివైజ్‌లకు లింక్ చేయొచ్చు. మెయిన్ ఫోన్ 14 రోజులు వాడకపోతే అవి లాగౌట్ అయిపోతాయి. అయితే గ్రూపులో అడ్రసు పడేస్తే సాయంత్రానికి గుడ్‌మార్నింగ్ ఫొటోల కింద పడి కనిపించకుండా పోతుంది. వాట్సాప్‌లో వచ్చిన బుకింగ్ అప్పటికప్పుడే క్యాలెండర్‌లోకి ఎక్కాలి.

ఫోన్ పోతే..

ముందు వేరే ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో ఉన్న డివైజ్‌ల లిస్టు నుంచి పోయిన ఫోన్‌ని సైన్ అవుట్ చేయాలి. వాట్సాప్ లింక్డ్ డివైజెస్‌లోంచీ తీసేయాలి. ఆ తర్వాత పోలీసు కంప్లయింట్ ఇచ్చి, సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్‌ని బ్లాక్ చేయించుకోవచ్చు. డబ్బులు కూడా పోయాయంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

చట్టం సంగతీ ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో వెలువడ్డాయి. డేటా దగ్గర పెట్టుకున్నవాళ్ల ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రత విషయంలో నిర్లక్ష్యానికి గరిష్ఠ జరిమానా రూ.250 కోట్లు. అంత మొత్తం ఏసీ షాపు మీద పడుతుందని కాదు. కానీ ఫోన్‌లోకి ఎక్కించిన కస్టమర్ పేరు, నంబర్ కూడా ఈ చట్టం లెక్కలో డేటానే. మూడేళ్ల కింద ఒక్కసారి వచ్చి మళ్లీ పిలవని కస్టమర్ల వరుసలను షీట్‌లోంచి తీసేయడం ఇప్పటినుంచే మొదలుపెట్టొచ్చు.