మల్లుని మణికట్టు

యుద్ధవిద్యల చరిత్రను వ్రాసినవారు సాధారణంగా విజయాలను గురించే వ్రాశారు. ఏ మల్లుడు ఎవరిని పడగొట్టాడు, ఏ ప్రభువు ఎవరిని సత్కరించాడు, ఏ ఆయుధం ఏ కాలంలో వాడుకలోనికి వచ్చింది అనే విషయాలకు గ్రంథాలలో చోటు దొరికింది. పడినవాడు తిరిగి ఎట్లు లేచాడన్న ప్రశ్నకు మాత్రం ఆ చోటు దొరకలేదు. కాని సాధకుని జీవితంలో గెలుపుకంటె గాయమే తరచుగా ఎదురయ్యేది. గాయపడిన నాటినుండి మరల బరిలో అడుగుపెట్టే నాటివరకు గడిచే వారాలను అతడు ఎట్లు గడిపాడో, ఎవరు అతనికి తోడు నిలిచారో తెలుసుకొంటే, ఈ దేశంలో యుద్ధవిద్యకు, వైద్యవిద్యకు ఉండిన పూర్వసంబంధం బోధపడుతుంది. దానికి మణికట్టు ఒక్కటి చాలు.

మణిని కట్టే చోటు మణికట్టు. సంస్కృతంలో దానినే మణిబంధమన్నారు. కంకణానికీ కాపుకూ తావైన ఈ సన్నని చోట 8 చిన్న ఎముకలు రెండు వరుసలుగా ఒదిగి ఉన్నాయి. ముంజేతి బలమంతా వీటిమీదుగానే అరచేతిలోనికి రావాలి. పట్టు పట్టినా, కత్తి త్రిప్పినా, కర్రసాము చేసినా, పిడికిట పొడిచినా భారం వహించేది ఈ కీలే. అన్నిటికంటె ముఖ్యమైనది పడిపోవడం. క్రింద పడేవాడు తనకు తెలియకుండానే చేయి చాచి అరచేతిని నేలకు ఆనిస్తాడు. శరీరపు బరువంతా ఆ క్షణంలో మణికట్టుమీద పడుతుంది. అందుచేతనే పడడం ఎట్లాగో నేర్పిన తరువాతనే పడగొట్టడం నేర్పాలన్న నియమం అనేక సంప్రదాయాలలో కనిపిస్తుంది.

మన ప్రాచీన శస్త్రవైద్యానికి ప్రధానగ్రంథమైన సుశ్రుతసంహిత శరీరంలో 107 మర్మస్థానాలను పేర్కొన్నది. దెబ్బ తగిలితే కలిగే ఫలితాన్ని బట్టి వాటిని ఐదు తెగలుగా విభజించింది. తక్షణం ప్రాణం తీసేవి 19, కొంతకాలానికి తీసేవి 33, గుచ్చుకొన్న శల్యాన్ని పెరికితే ప్రాణహాని కలిగించేవి 3, అంగవైకల్యం కలిగించేవి 44, బాధ కలిగించేవి 8. మణిబంధాలు రెండూ ఈ చివరి తెగకు చెందినవి. అక్కడ దెబ్బ తగిలితే మనిషి చావడు. కాని చేయి కుంఠితమౌతుంది, బాధ వదలదు. ఈ వర్గీకరణలో ఒక లోకానుభవం ఉన్నది. గృహస్థునికి మణికట్టు నొప్పి ఒక అసౌకర్యం మాత్రమే. మల్లునికి అది జీవనాధారమే తెగిపోవడం. ప్రాణం మిగిలి విద్య పోవడమనే విపత్తు అతనికి ఈ చోటనే పొంచి ఉన్నది.

విరిగిన ఎముకలకు, తొలగిన కీళ్ళకు చికిత్సను సుశ్రుతసంహిత ఒక ప్రత్యేకాధ్యాయంలో వివరించింది. లాగడం, ఒత్తడం, చేర్చడం, కట్టడం అనేవి ఆ చికిత్సలో నాలుగు అంగాలు. మోదుగ, మద్ది, మేడి, రావి మొదలైన చెట్ల పట్టలతోను, వెదురుతోను బద్దలు చేసి కట్టాలని చెప్పింది. కట్టు వదులైతే కీలు నిలువదు. బిగువైతే వాపు, నొప్పి, పాకం కలుగుతాయి కనుక సమంగా కట్టాలని హెచ్చరించింది. చలికాలంలో 7 రోజులకు, సమశీతోష్ణకాలంలో 5 రోజులకు, ఎండకాలంలో 3 రోజులకు కట్టు విప్పి మరల కట్టాలన్నది. తొలి వయసులో ఒక మాసానికి, నడి వయసులో అంతకు రెట్టింపు కాలానికి, వార్ధక్యంలో మూడింతల కాలానికి అతుకు గట్టిపడుతుందని లెక్క చెప్పింది. పాలు, నేయి, వరి అన్నం, మాంసరసం తినవచ్చునన్నది. ఉప్పు, పులుసు, కారం, ఎండ మానవలసినవాటిలో చేర్చింది. ఆ నిషేధాలలో వ్యాయామం కూడ ఉన్నది. సాధకునికి అన్నిటికంటె కష్టమైన పథ్యం అదే.

అయినా ఆ అధ్యాయం నిషేధంతో ముగియలేదు. అరచేతికి దెబ్బ తగిలి, కట్టు విప్పిన తరువాత ఏమి చేయాలో కూడ చెప్పింది. ముందు పేడముద్దను పట్టుకోవాలి. తరువాత మట్టిముద్దను పట్టుకోవాలి. చేతికి బలం వచ్చిన పిమ్మట రాతిని పట్టుకోవాలి. మూడే మెట్లు. మెత్తనిది, గట్టిది, బరువైనది. నేటి చికిత్సాలయాలలో మణికట్టు శస్త్రచికిత్స అయినవారి చేతికి మొదట మెత్తని స్పంజిబంతిని, తరువాత సాగే ముద్దను, చివరకు చిన్న ఇనుపగుండును ఇస్తారు. వస్తువులు మారినవి; మెట్లు మారలేదు. అతికిన ఎముక వేరు, తిరిగి వచ్చిన చేయి వేరు అన్న ఎరుక ఆ మూడు ముద్దలలో ఉన్నది.

ఈ ఎరుకను కాపాడినవారిలో వైద్యులతోపాటు మల్లులు కూడ ఉన్నారు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో మల్లవినోదమనే భాగం ఉన్నది. మల్లులను వయసును, బలాన్ని బట్టి తరగతులుగా విభజించడం, వారి ఆహారం, బరువులెత్తడం, ఈత, స్తంభంమీద సాధన మొదలైనవి అందులో వర్ణింపబడినవి. ఉత్తమశ్రేణి మల్లునికి అందులో జ్యేష్ఠికుడని పేరు. గుజరాతులో మోఢేరా ప్రాంతపు జ్యేష్ఠిమల్లులకు తమ కులవిద్యను చెప్పే మల్లపురాణమే ఉన్నది. తెలుగునాట జెట్టి అన్న మాట ఈ కుటుంబానికి చెందినదే. మహాబలుని జగజెట్టి అనడం నేటికీ మన వాడుకలో ఉన్నది.

అయితే ఈ జెట్టీలు మల్లులు మాత్రమే కారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణభారత కులవర్ణన సంపుటాలలో వీరిని తెలుగు మాట్లాడే మల్లులుగా పేర్కొని, తెలుగు జిల్లాలలో వీరు ఒళ్ళు పట్టి, తైలాలు రుద్ది, నరాల నొప్పులు మొదలైనవాటిని మాన్పుతారని వ్రాశాడు. మైసూరు రాజుల కాలంలో ఖజానాకు, ఆభరణాల గదులకు కావలి కాచినవారు కూడ వీరే. అక్కడ దసరా ఉత్సవాలలో వజ్రముష్టి పోరు జెట్టీలదే. కొమ్ముతో చేసిన ముళ్ళపట్టాను కుడిచేతి వ్రేళ్ళకు తొడిగి తలపడతారు. ఒకరి తలనుండి రక్తబిందువు రాలగానే పోరు ముగుస్తుంది. దెబ్బ కొట్టే చేయీ, నొప్పి తీసే చేయీ ఒక్కటే కావడం వారికి వింత కాదు. తాలింఖానాలో గురువు శిష్యుని ఒంటికి నూనె రాసి మర్దించేటప్పుడు, వాని కీళ్ళలో ఏది బిగిసినదో, ఏది వాచినదో వ్రేళ్ళతోనే చదువుకొనేవాడు.

కేరళదేశపు కళరిపయట్టులో ఈ సంబంధం మరింత స్పష్టం. ఉత్తరకేరళలో కళరి అంటే నేలను త్రవ్వి పల్లం చేసిన సాధనశాల. దాని పొడవు 42 అడుగులు, వెడల్పు 21 అడుగులు. శిక్షణకు అనువైనది వర్షకాలం. చెమట, తేమ, తైలం కలిసి దేహాన్ని మెత్తబరచే ఆ కాలంలోనే ఉళిచ్చిల్ అనే మర్దనం జరుగుతుంది. పైన కట్టిన త్రాటిని పట్టుకొని గురువు పాదాలతో శిష్యుని దేహాన్ని రుద్దుతాడు. మర్మాలను ఎక్కడ తాకితే హాని కలుగుతుందో చెప్పే విద్యను శిష్యునికి చివరి దశలోనే, స్వభావం పరీక్షించి ఇస్తారు. దానికి ముందుగానో, దానితోపాటో ప్రతిక్రియను కూడ నేర్పుతారు. దక్షిణాన కన్యాకుమారి ప్రాంతపు వర్మవిద్యలో ఈ స్థానాలు 108 అని లెక్క. అక్కడ గురువును ఆసాన్ అంటారు. హాని చేయగలవాడు దానిని ఉపశమింపజేయడం కూడ తెలిసి ఉండాలన్నది రెండు చోట్లా ఉన్న ధర్మం. ఇది కేవలం దయాగుణం వల్ల పుట్టినది కాదు. సాధనలో నిత్యం శిష్యులు గాయపడతారు. వారిని మాన్పలేని గురువు ఏడాది తిరిగేసరికి శిష్యులు లేనివాడౌతాడు.

ఈ ఏకత్వం 19వ శతాబ్దిలో చీలినది. మలబారులో పళశ్శిరాజు తిరుగుబాటు సాగుతుండగా, 1804 ప్రాంతంలో ఆంగ్లాధికారులు ఆయుధధారణను అణచివేసే చర్యలకు పూనుకొన్నారు. 1805లో పళశ్శిరాజు మరణించాడు. కళరులు సన్నగిల్లినవి. కొన్ని కుటుంబాలలో కత్తి మూలపడినా తైలపాత్ర మూలపడలేదు. 1920 దశకంలో తలశ్శేరిలో కొట్టక్కల్ కణారన్ గురుక్కళ్, ఆయన శిష్యుడు సి. వి. నారాయణన్ నాయర్ మొదలైనవారు ఆ విద్యను మరల ప్రజల మధ్యకు తెచ్చినప్పుడు, దానిని అంతవరకు బ్రతికించిన వాటిలో ఈ చికిత్సావృత్తి కూడ ఒకటి. యుద్ధం అవసరం తీరిపోయినది. నడుము నొప్పి, బెణికిన చేయి, విరిగిన కాలు తీరిపోలేదు.

అదే శతాబ్దిలో ఐరోపాలో అస్థిచికిత్స కొత్తదారి పట్టింది. 1814లో డబ్లిన్ వైద్యుడు అబ్రహాం కోలిస్ మణికట్టు దగ్గర ముంజేతి ఎముక విరిగే తీరును వర్ణించాడు. లోపల చూపే సాధనం లేని ఆ రోజులలో వ్రేళ్ళ స్పర్శే అతనికి ఆధారం. 19వ శతాబ్ది నడిమికాలంలో డచ్చి సైనికవైద్యుడు మాథైసెన్ గచ్చుపిండి పూసిన కట్టును ప్రచారంలోకి తెచ్చాడు. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. అప్పటినుండి మణికట్టులోని రహస్యాలు ఒక్కొక్కటిగా బయటపడినవి.

వాటిలో సాధకులకు ముఖ్యమైనది నావ ఆకారంలో ఉండే చిన్న ఎముక కథ. బొటనవ్రేలి మొదట ఉండే ఈ నౌకాస్థికి రక్తం ఎక్కువగా వ్రేళ్ళవైపు కొననుండి వెనుకకు ప్రవహిస్తుంది. నడుమ విరిగితే ముంజేతివైపు ముక్కకు రక్తం అందక, అతుకు ఆలస్యమౌతుంది. ఒక్కొక్కప్పుడు ఆ ముక్క నిర్జీవమౌతుంది. పైగా మొదటి ఛాయాచిత్రంలో ఈ విరుగుడు తరచుగా కనిపించదు. బెణుకేనని సాధకుడు రెండు వారాలకే బరిలో దిగుతాడు. నెలల తరువాత నొప్పి తిరుగబెడుతుంది. అందుకే అనుమానం ఉన్న చేతిని కట్టి ఉంచి, పది పదునాలుగు రోజుల పిమ్మట మరల పరీక్షించడం వైద్యుల పద్ధతి. 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు టిమొతీ హెర్బర్ట్ తల లేని చిన్న మరమేకుతో ఈ ఎముకను బిగించే విధానాన్ని ప్రకటించాడు. తరువాతి కాలంలో అది కొద్దిపాటి కోతతో ముగిసే చిన్న శస్త్రచికిత్సగా రూపొందినది.

కోత చిన్నదే. దాని తరువాతి కాలం చిన్నది కాదు. గాటు మానుతుంది, కుట్లు విప్పుతారు, చేయి చూడడానికి పూర్వంవలెనే ఉంటుంది. కాని పిడికిలి బిగించబోతే బలం ఉండదు. అరచేతిని నేలకు ఆనించబోతే మణికట్టు వంగదు. కదలని కీలు బిగుసుకొంటుంది. తొందరపడి కదిలించిన కీలు విడిపోతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య ఇరుకుదారిలో సాధకుని నడిపించేవాడు కావాలి. కళరిలో ఆ పని గురువుది. ఆసుపత్రులు వచ్చిన తరువాత ఎముక అతికించేవాడొకడు, సాధన నేర్పేవాడొకడు అయినారు. నడిమి దారికి చాలకాలం యజమాని లేకపోయినాడు. జపానులో మాత్రం జూడో గురువులు ఎముకలు సరిచేసే తమ వృత్తికి 1920లో ప్రభుత్వపు గుర్తింపు పొందగలిగారు. మనదేశంలో అటువంటి వంతెన ఏర్పడలేదు. మన అఖాడాలలోని ముద్గరాలను చూచి ఆంగ్లసైనికులు 19వ శతాబ్దిలో తమ దేశానికి కొనిపోయి, చేతులకు వ్యాయామసాధనంగా ప్రచారం చేయడం ఈ సందర్భంలో గమనింపదగినది. ఆ గదల్లోని తూకం, మణికట్టును నెమ్మదిగా త్రిప్పే క్రమం ఇక్కడివే.

ఇందువల్ల పాతదంతా మంచిదనుకోవడం పొరపాటు. చిత్తూరు సీమలో పుత్తూరు కట్టుకు గల ప్రసిద్ధి తెలుగువారందరికీ తెలిసినదే. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టుకోసం దూరదేశాలనుండి జనం వచ్చారు. కాని పలుచోట్ల తెలిసీ తెలియని చేతులు బిగించి కట్టిన కట్టువల్ల రక్తప్రసారం నిలిచి, చేయి తీసివేయవలసి వచ్చిన సందర్భాలను శస్త్రవైద్యులు నమోదు చేశారు. బిగువు కట్టు హాని చేస్తుందని, మూడు రోజులకో ఏడు రోజులకో విప్పి చూడాలని సుశ్రుతుడు చెప్పిన మాటను మరచినందువల్ల కలిగిన విపత్తు అది. నౌకాస్థి విరుగుడును వ్రేళ్ళ స్పర్శతో తేల్చడం ఎంతటి గురువుకైనా దుస్సాధ్యం. అక్కడ ఎక్స్‌కిరణాలదే తుదిమాట.

మరి సంప్రదాయంలో నిలుపుకోదగినది ఏది? తైలాల పట్టిక కాదు, కట్టు రహస్యం కాదు. గాయపడినవాడు ఇంకా శిష్యుడేనన్న భావన నిలుపుకోదగినది. చేయి కట్టుకొన్న శిష్యుని కళరినుండి వెళ్ళగొట్టనవసరం లేదు. పాదాల నడక, చూపు, ఊపిరి, నిలకడ అనేవాటికి మణికట్టుతో పని లేదు. ఆ వారాలలో వాటిని చక్కబరచుకొన్నవాడు బరికి తిరిగి వచ్చేనాటికి పూర్వంకంటె మేలైన సాధకుడు కావచ్చును. బలం ఉన్నప్పుడు కనిపించని తప్పులు బలం తగ్గినప్పుడు కనిపిస్తాయి. పట్టులో చేతిని అవసరానికి మించి వాడినవాడు నడుమును వాడడం అప్పుడు నేర్చుకొంటాడు.

పేడముద్దను పట్టుకొని కూర్చున్న మల్లుని ఊహించుకొంటే నవ్వు రావచ్చును. నిన్నటివరకు ప్రత్యర్థి మెడను వంచిన చేయి అది. ఇప్పుడు పసిపిల్లవానివలె మెత్తని ముద్దను నొక్కి వదలుతున్నది. ఆ ముద్దను దాటి రాతిని అందుకోవాలన్న తొందర ప్రతి సాధకునికీ ఉంటుంది. మట్టిముద్ద వంతు పూర్తి కాకుండా రాతిని ముట్టనివ్వని గురువు ప్రక్కన ఉండడమే అతని అదృష్టం.