చాటు శ్రోతలు: సైనిక రేడియో నుంచి సిలోను రేడియో దాకా

సిలోను రేడియో గురించి మనవాళ్లు ఎవరు రాసినా కథ 1952లోనే మొదలవుతుంది. బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యారు, ఆకాశవాణిలో సినిమా పాటకు తలుపు మూశారు, జనం కొలంబో వైపు ముల్లు తిప్పారు, అంతే. ఈ కథను నేనూ చాలాకాలం నమ్మాను, తరగతిలో పాఠంగా చెప్పాను కూడా. ఆ నమ్మకాన్ని కదిలించింది ఏ గ్రంథమూ కాదు. తెనాలి ప్రాంతంలో పాత శ్రోతల జ్ఞాపకాలు సేకరిస్తూ తిరుగుతున్నప్పుడు, తొంభైకి దగ్గరపడిన ఒక రేడియో మెకానిక్కు అన్న మాట అది. “కేస్కరు గీస్కరు నాకు తెలీదు గానీ బాబూ, మా నాన్న కొట్టు పెట్టేటప్పటికే సిలోను వచ్చేది. అప్పుడది సోల్జర్ల స్టేషను. అన్నీ ఇంగ్లీషు పాటలే. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా బాగుచేసిన సెట్టు పలుకుతోందో లేదో చూడాలంటే దాన్నే పట్టేవాళ్లం. అంత గట్టిగా ఇంకోటి పలికేది కాదు.”

సోల్జర్ల స్టేషను. ఈ రెండు మాటలకు మన ప్రసార చరిత్రలో చోటు లేదు. ఆ చోటు ఇవ్వాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన చెప్పిన స్టేషను పేరు రేడియో సీయాక్. లార్డ్ లూయీ మౌంట్‌బాటెన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా కమాండ్ (సీయాక్) 1944లో తన ప్రధాన కార్యాలయాన్ని క్యాండీకి మార్చుకుంది. అదే ఏడాది కొలంబో నుంచి సైనికుల కోసం 7.5 కిలోవాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలయ్యాయి. అంతమంది సైన్యం ఆ ద్వీపం మీదికి ఎందుకొచ్చిందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద, మర్నాడు 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఒకే నౌకాదండయాత్రలో రెండు ఘట్టాలవి. మన తీరాన్ని వణికించిన ఆ రెండు రోజులే సిలోనును సైనిక స్థావరంగా మార్చాయి. ఆ స్థావరమే రేడియోను తెచ్చింది. కాబట్టి సిలోను రేడియో కథ మనకు ఢిల్లీ నిషేధంతో మొదలు కాదు, విశాఖ రేవులో మొదలవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. కొలంబోకు ఉత్తరాన ఏకలలో 100 కిలోవాట్ల మార్కోనీ ట్రాన్స్‌మిటర్ పనిచేయడం మొదలైంది 1946లో. అప్పటికి జపాను లొంగిపోయి నెలలు గడిచాయి. యుద్ధం జరుగుతున్నప్పుడు 7.5, యుద్ధం ముగిశాక 100! దీన్ని ఆలస్యంగా అందిన సామానుగా కొట్టిపారెయ్యొచ్చు. నేను ఒప్పుకోను. 1946 జనవరిలో ఇంటికి పంపడం ఆలస్యమవుతోందని బ్రిటిష్ వైమానిక దళం సిబ్బంది కరాచీ శివారు డ్రిగ్ రోడ్డులో పని ఆపేశారు. ఆ సమ్మె ఇండియా, సిలోను, సింగపూరు స్థావరాలకు పాకింది. తుపాకీ దించేసి ఓడ కోసం ఎదురుచూస్తున్న సిపాయికి చేతినిండా ఉన్నది విసుగు ఒక్కటే. ఆ విసుగును అదుపు చేయడానికి సైన్యానికి అంత బలమైన గొంతు అక్కరకొచ్చింది. బర్మాలో, మలయాలో, ఇండియా కంటోన్మెంట్లలో చెదిరి ఉన్న మనుషులను సాయంత్రం పూట ఒకచోట కూర్చోబెట్టే గొంతు అది. విసుగెత్తిన మనిషికి ఉపన్యాసం పనికిరాదు. పాట కావాలి, హాస్యం కావాలి, తన పేరు ఎవరో ఒకరు పలకాలి. సైనిక రేడియో ధోరణి పుట్టింది ఈ అవసరంలోంచే.

ఈ రంగంలో అందరూ ఆధారంగా చేసుకునేది చరిత్రకారుడు డేవిడ్ లెలివెల్డ్ 1994లో ‘సోషల్ టెక్స్ట్’ పత్రికలో రాసిన ‘అపాన్ ది సబ్‌డామినెంట్’ వ్యాసాన్ని. ఆకాశవాణి సంగీతాన్ని ఎలా పాలించిందో చెప్పడంలో దానికి సాటి లేదు. నాకు పేచీ వచ్చేది ఆయన నిలబడిన చోటుతో. ఆ వ్యాసం ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని ఆకాశవాణి ఆఫీసు కిటికీలోంచి దేశాన్ని చూస్తుంది. అక్కడి నుంచి చూస్తే శ్రోత అంటే పాలనకు లోబడేవాడు, లేదా పాలన నుంచి పారిపోయేవాడు. కొలంబో అంటే పారిపోయినవాడు తలదాచుకునే చోటు. ఆయన తర్వాత రాసినవాళ్లు ఈ చూపును మరింత సులభం చేసి ‘నిషేధం – పలాయనం’ అనే రెండు మాటల సూత్రంగా మార్చేశారు. తెలుగులో వచ్చిన వ్యాసాలు ఆ సూత్రాన్ని యథాతథంగా దించుకున్నాయి. ఇసబెల్ హువాకుహా అలోన్సో 2023లో తెచ్చిన ‘రేడియో ఫర్ ది మిలియన్స్’ వినడాన్నే చరిత్ర మధ్యకు తీసుకొచ్చింది, అందుకు కృతజ్ఞత చెప్పాలి. దాని పరిధి మాత్రం హిందీ, ఉర్దూ ప్రసారాలది.

ఒక్క తేదీల పట్టిక చాలు ‘నిషేధం – పలాయనం’ సూత్రాన్ని నిలదీయడానికి. సైన్యం 1949లో స్టేషనును సిలోను ప్రభుత్వానికి అప్పగించింది. కొలంబో ప్రణాళిక కింద వచ్చిన ఆస్ట్రేలియన్ క్లిఫర్డ్ డాడ్, స్థానికుడు లివీ విజేమన్నె కలిసి సిలోను రేడియో వాణిజ్య విభాగాన్ని నడిపారు. అది మొదలైంది 1950 సెప్టెంబరులో. కేస్కర్ మంత్రి అయింది 1952లో. సిలోను హిందీ పాటల కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’ మొదటి ప్రసారం 1952 డిసెంబరు 3న. అంటే దుకాణం ముందు తెరిచారు, పక్క దుకాణం తర్వాత మూతపడింది. ఆ మొదటి కార్యక్రమానికి నలభై, యాభై ఉత్తరాలు వస్తాయనుకుంటే 9,000 వచ్చాయని దాని వ్యాఖ్యాత అమీన్ సయానీ చెప్పేవారు. నిన్నటి నిషేధానికి ఇవాళ అలిగి బయల్దేరిన జనం కాదు వాళ్లు. ఆ స్టేషను ఎక్కడ దొరుకుతుందో చేతివేళ్లకు అంతకుముందే తెలిసిన జనం.

పరాయి సైన్యం కోసం పెట్టిన స్టేషనును అక్కడి పౌరులు వినడం సిలోనుకే ప్రత్యేకం కాదు. అమెరికా సైనిక ప్రసారకులు ఇలాంటి వాళ్లకు ‘షాడో ఆడియెన్స్’ అని పేరు పెట్టారు. నీడ అనే మాట నాకు నచ్చదు, నీడకు సొంత ప్రాణం ఉండదు. గోడ చాటున నిలబడి తనకు కాని మాటను తనదిగా వినేవాణ్ణి ‘చాటు శ్రోత’ అంటాను.

చాటు శ్రోత ఎంత బలవంతుడో చూడాలంటే బ్రిటన్‌కే వెళ్లాలి. ఫ్రాన్సులో ఉన్న తమ సైనికుల కోసం బీబీసీ 1940లో ‘ఫోర్సెస్ ప్రోగ్రామ్’ మొదలుపెట్టింది. అప్పటిదాకా బీబీసీ అంటే జనాన్ని సంస్కరించే బడి. సైనికుడు బడికి రాడు కాబట్టి అతని కోసం డాన్సు సంగీతం, హాస్యం, తేలిక కబుర్లు నింపారు. ఆ ఏడాది వేసవికే ఫ్రాన్సు చేజారింది, సైన్యం ఇంటికొచ్చింది. కార్యక్రమం ఆగలేదు. ఇళ్లలో, కర్మాగారాల్లో పౌరులు పాత స్టేషనును వదిలి దీన్ని పట్టుకున్నారు. 1941లో గాయని వేరా లిన్ సైనికులకు ఉత్తరం రాస్తున్నట్టుగా పాడే కార్యక్రమం వస్తే, ఈ మెత్తటి పాటలు సైనికుల పౌరుషాన్ని కరిగిస్తాయని పెద్దలు గొడవ చేశారు. సినిమా పాటకు తలుపు మూసిన కేస్కర్ ధోరణికీ, ఆ పెద్దల మాటలకూ ఎంత చుట్టరికం! చివరికి గెలిచింది పాటే. 1945 జులై 29న బీబీసీ మొదలుపెట్టిన ‘లైట్ ప్రోగ్రామ్’ ఆ సైనిక కార్యక్రమానికి నేరుగా వారసురాలు. సైనికుడి కోసం వదులు చేసిన ముడిని పౌరుడి కోసం మళ్లీ బిగించడం ఎవరి తరమూ కాలేదు.

అమెరికన్లు 1943 జులై 4న లండన్‌లో తమ సైనిక రేడియో ఏఎఫ్ఎన్ తెరిచినప్పుడు, తన గుత్తాధిపత్యానికి గండి పడుతుందని బీబీసీ జంకింది. స్థావరాల చుట్టూ మాత్రమే వినబడేలా తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లతో సరిపెట్టారు. ఆ తర్వాత అదే ఏఎఫ్ఎన్ జర్మనీలోని స్టేషన్ల నుంచి ఒక తరం జర్మన్ యువకులకు జాజ్, రాక్ నేర్పింది. రాత్రివేళ బ్రిటన్ కుర్రాళ్లు కూడా దాన్ని పట్టుకున్నారు. జర్మన్ సైన్యం బెల్‌గ్రేడ్ స్టేషను నుంచి 1941లో రోజూ రాత్రి వేసిన ‘లిలీ మార్లీన్’ పాట ఉత్తరాఫ్రికా ఇసుకలో శత్రువైన బ్రిటిష్ సైన్యానికీ సొంతమైంది. ఆ పాట నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు గిట్టేది కాదు. జపాన్‌లో, కొరియాలో అమెరికా సైనిక స్టేషన్ల కథదీ ఇదే దారి. ఇజ్రాయెల్ సైనిక రేడియో గలేయ్ త్సహాల్ (1950) మాత్రం ఈ చాటు శ్రోత లెక్కకు లొంగదు, అక్కడ సైన్యమూ శ్రోతా ఒకే సమాజం.

సైనిక రేడియో పౌర రేడియోకు ఇచ్చిన కట్నాల్లో అన్నిటికన్నా పెద్దది పేర్ల జాబితా. శిబిరంలో ఉన్న కొడుక్కి ఇంటి నుంచి తల్లి కోరిన పాట, ఆ ఇద్దరి పేర్లు, ఊరు. బ్రిటిష్ ‘ఫోర్సెస్ ఫేవరెట్స్’ నడిచింది ఇలాగే. యుద్ధం తర్వాత అదే ‘ఫ్యామిలీ ఫేవరెట్స్’ అయి లండన్‌ను, హాంబర్గ్‌లోని సైనిక స్టేషనును కలిపింది. కోట్ల మంది మధ్య ఒక మనిషి పేరు పలకడానికి గాలిలో సమయం ఖర్చు పెట్టడమన్నది సైనిక రేడియో పెంచిన పద్ధతి, ఎడబాటుకు వేసిన మందు. సీయాక్‌లో మైకు ముందు కూర్చున్న డేవిడ్ జేకబ్స్ తర్వాత బీబీసీలో ఇంటింటి గొంతు అయ్యారు. ఆ మైకు మిగిలిన కొలంబోలో ఆ పద్ధతి కూడా మిగిలింది. ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు పాటల కోరికలతోనే దేశమంతా తెలిసిందంటే, ఆ ఉత్తరాల వెనకున్నది సైనికుడి తల్లి రాసిన ఉత్తరమే. రేడియోలో తన పేరు వినాలనే ఆశ మన పల్లెకు సైనిక శిబిరం నుంచే వచ్చింది.

తెలుగునాట ఈ వారసత్వం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం పుట్టింది 1948 డిసెంబరు 1న. దాని మీడియం వేవ్ పగటిపూట చుట్టుపక్కల జిల్లాలకే సరిపోయేది. కొలంబో నుంచి కృష్ణా తీరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. షార్ట్ వేవ్ ఒక్క గెంతు గెంతి దిగడానికి అతికినట్టు సరిపోయే దూరం. మద్రాసు సాపర్స్‌లోనూ ఇతర దళాల్లోనూ పనిచేసి బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు సిపాయిలు చాలామందే ఉన్నారు. కొలంబో స్టేషను పేరు మన ఊళ్లకు మోసుకొచ్చింది వీళ్లేనని నా అభిప్రాయం. తర్వాత్తర్వాత మీనాక్షీ పొన్నుదురై గొంతులో తెలుగు పాటల ప్రసారం కొలంబో నుంచి వచ్చినప్పుడు, మనవాళ్లు దాన్ని పరాయి దేశపు స్టేషనుగా ఎన్నడూ అనుకోలేదు. నేను కలిసిన పెద్దవాళ్లలో చాలామంది ‘మా సిలోను’ అనే అన్నారు. ‘మా ఆకాశవాణి’ అన్నవాళ్లు తక్కువ.

సీయాక్ ప్రసారాలు ప్రధానంగా ఇంగ్లీషులోనే సాగాయనీ, ఆ రోజుల్లో పల్లెల్లో సెట్లు బహు తక్కువనీ ఎవరైనా అంటే, అది నిజమే. అయితే మెకానిక్కు గారి మాట గుర్తుచేసుకోవాలి. భాష అర్థం కాకముందే చెవి అలవాటు పడుతుంది. ఏకల ట్రాన్స్‌మిటర్ మన సెట్లలో ముల్లుకు ఒక చోటు చూపించింది, ఆ చోటు 1949లో చేతులు మారాక కూడా అక్కడే ఉంది. సినిమా హాలు దాటి వంటింట్లోకి, మంగలి షాపులోకి, కాఫీ హోటల్లోకి తెలుగు పాట నడిచొచ్చిన దారి వేసింది సైన్యం. కేస్కర్ ఆ దారిని కాస్త రద్దీ చేశారు, అంతకు మించి ఆయన పాత్ర లేదు.

ఢిల్లీ ఆలస్యంగానైనా ఇది గ్రహించింది. 1957 అక్టోబరు 3న సిలోనుకు పోటీగా వివిధ భారతి మొదలైంది. దాని కార్యక్రమాల్లో జనం ఇప్పటికీ మరిచిపోనిది ‘జయమాల’, సరిహద్దులో ఉన్న ఫౌజీ సోదరులు కోరిన పాటలు. కోరిక సైనికుడిది, విన్నది దేశమంతా. ఇక్కడా పౌరుడు చాటు శ్రోతే. సైనిక స్టేషను వారసురాలిని ఓడించడానికి ఆకాశవాణికి చివరికి సైనికుడి పాటే ఆయుధమైంది.

ఈ పరిశోధనకు కాగితాలు ఢిల్లీ దస్త్రాల్లో దొరకవు. మన అటకల మీద ఉన్నాయి. పోస్టాఫీసు రేడియో లైసెన్సు పుస్తకాలు, కొలంబోకు రాసి పంపకుండా మిగిలిపోయిన కార్డులు, ఏ మీటరులో ఏ స్టేషను దొరుకుతుందో రాసుకున్న మెకానిక్కుల నోటు పుస్తకాలు, బర్మా నుంచి వచ్చిన తాతల ఉత్తరాలు. నాకు ఆ మాట చెప్పిన పెద్దాయన నోటు పుస్తకం ఇల్లు మారినప్పుడు పాత సామాన్లవాడికి పోయింది. మీ ఇళ్లలో అలాంటిది ఒక్కటున్నా తూకానికి వేయకండి. దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో, ఊరి గ్రంథాలయానికో అప్పగించండి.