ఎక్స్-కిరణాల వివర్తనం: బైలదిల్లా ఖనిజం

అడ్డంకి అంచు దగ్గర కాంతి వంగి వ్యాపించడం వివర్తనం. అలా వచ్చిన తరంగాలు కలిసి ఒకచోట బలపడడం, మరోచోట చెల్లిపోవడం వ్యతికరణం. ఎక్స్-కిరణాలూ కాంతే. వాటి తరంగదైర్ఘ్యం పరమాణువుల మధ్య దూరమంత చిన్నది కాబట్టి స్ఫటికం పొరలే వాటిని వివర్తనం చెందిస్తాయి. 1912లో మాక్స్ ఫాన్ లావే బృందం దీన్ని రుజువు చేసింది. పక్కపక్క పొరల నుంచి వచ్చే కిరణాల దారి తేడా తరంగదైర్ఘ్యానికి పూర్ణాంక గుణిజమైతేనే అవి బలపడతాయని లారెన్స్ బ్రాగ్ తేల్చాడు.

దంతెవాడ జిల్లా బచేలి దగ్గరి బైలదిల్లా కొండల్లో తవ్వి, రైల్లో విశాఖపట్నం చేర్చే ఖనిజం ప్రధానంగా హెమటైట్. రాగి గొట్టం నుంచి వచ్చే 0.154 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు ఎక్స్-కిరణాలతో పరీక్షిస్తే హెమటైట్ ప్రధాన శిఖరం, అంటే కిరణాలు ఎక్కువగా బలపడే కోణం, సుమారు 33.2 డిగ్రీల దగ్గర, నీటి అంశం కలిగిన గోథైట్‌ది 21.2 దగ్గర కనిపిస్తాయి. రసాయన విశ్లేషణ ఇనుము శాతం చెబుతుంది. ఆ ఇనుము ఏ ఖనిజ రూపంలో ఉందో నేరుగా చూపేది వివర్తనం, దీని అసలు విలువ అక్కడే ఉంది. అయితే రాగి కిరణాలు తగిలితే ఇనుము తానే ఎక్స్-కిరణాలు వెదజల్లి శిఖరాలను మసకబారుస్తుంది. అందుకే ఇనుప ఖనిజానికి కోబాల్ట్ గొట్టమే మేలు.